ఫీల్డ్ డైరీలో రాయని మందు

డిసెంబర్ 16

నలభై ఒక్క ఫీల్డ్ డైరీలు నింపడం ఈరోజుకి పూర్తయింది. ఏ రైతు ఏ రోజు ఏ కషాయం కొట్టాడో, జీవామృతం ఎప్పుడు పారించాడో — అన్నీ నా చేతిరాతే. మా సేంద్రియ రైతుల సంఘంలో లోపలి తనిఖీ నా పని మరి. వేళ్లు నొప్పి. ఇన్ని రాసి మళ్లీ ఇంటికొచ్చి ఇది ఎందుకు రాస్తానో నాకే తెలియదు. ఇందులో ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు, అందుకేనేమో.

డిసెంబర్ 18

వరమ్మత్త చేను ముడుచుకుపోతోంది. ఎకరం మిరప మొత్తం. పువ్వు విప్పితే లోపల నల్ల తామర పురుగు. వేప కషాయం మూడుసార్లు కొట్టించా, నీలం జిగురు అట్టలు కట్టించా… ఆగలేదు. గట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆ చేను కౌలుది. సేంద్రియం చేస్తానంటేనే ఇచ్చాడు పొలం గలాయన, తన భూమికీ సర్టిఫికెట్ వస్తుందని. ఆమెను సంఘంలోకి లాక్కొచ్చింది నేను.

"నువ్వు జెప్తే చేశానమ్మాయ్" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 20

సత్తెనపల్లి వెళ్లా. పురుగుమందుల షాపాయన బల్ల కింద నుంచి తీశాడు — తెల్ల సీసా. బయోనే మేడమ్, ఉత్త ఆకు రసం, అన్నాడు. తయారుచేసినవాళ్ల పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు. లేబుల్ లేని సీసా ముట్టుకోవద్దని శిక్షణలో అందరికీ చెప్పింది నేనే. ముట్టుకున్నా. కొన్నా. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చా.

డిసెంబర్ 21

కొట్టించా.

మూత తీయగానే ఘాటు ముక్కుకి కొట్టింది. ఆకు రసం వాసన కాదు. వరమ్మత్త ట్యాంకు వీపుకెత్తుకుంటూ నావైపు ఒకసారి చూసింది. గట్టు చుట్టూ వేసిన జొన్న వైపు చూశా నేను. ఆమె ఫీల్డ్ డైరీలో "వేప కషాయం, నాలుగోసారి" అని రాశా. ఆమె కింద సంతకం పెట్టింది.

డిసెంబర్ 24

పురుగు లేదు. ఒక్కటి కూడా లేదు. కషాయం మూడు రోజుల్లో ఈ పని చేయదు, నాకు తెలుసు. పక్క చేల వాళ్లు వచ్చి చూసి పోతున్నారు, కొలతలు చెప్పమంటున్నారు. అందరితో నవ్వుతూ మాట్లాడుతున్నా. భయంగా ఉంది.

డిసెంబర్ 25

వరమ్మత్త చర్చి నుంచి వస్తూ అరిసెలు ఇచ్చి వెళ్లింది. ఒకటి తుంచి పక్కన పెట్టేశా.

జనవరి 5

గుంటూరులో మీటింగ్. తెర మీద ప్రపంచ పటం. సేంద్రియం కొని తినే దేశాలకు ఆకుపచ్చ రంగు వేశారు. మిరప కొనే కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి ఆ రంగు ఏటేటా ఎలా పాకుతోందో చూపించింది. అడిగేవాళ్లు పెరుగుతున్నారట, పండించేవాళ్లే చాలడం లేదట. జర్మనీలో అమ్మే కారం పాకెట్ చేతికిచ్చింది. దాని మీద పల్నాడు అని ఉంది. మా ఇంట్లో కూరల్లోకి మాత్రం బజారు కారమే… అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. మందులు మానేసి మూడేళ్లు నిండాయి కాబట్టి ఈసారి మాకు పూర్తి సర్టిఫికెట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా. అంత పెద్ద పటంలో నేను వెళ్లి దాక్కునే చోటు ఒక్కటీ కనపడలేదు. భోజనాల దగ్గర పెరుగన్నం మాత్రం తిన్నా.

జనవరి 6

మా ఆయనకు చెప్పేశా. నడికుడి డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"నలభై ఇళ్లు. నోరు తెరిచావంటే ఈ ఊళ్లో మనం తిరగలేం."

క్యారేజీ తీసుకుని వెళ్లిపోయాడు. చెప్పకముందు నాలో నేనే కుమిలిపోయేదాన్ని. ఇప్పుడు ఆయన కాపలా కూడా ఉంది.

జనవరి 17

బయటి ఇన్‌స్పెక్టర్ ఎల్లుండి వస్తున్నాడు. ఐదు చేలల్లో కాయ తీసి ల్యాబ్‌కు పంపుతాడు. ఒక చేలో మందు దొరికితే ఆ రైతును సంఘమే తీసేయాలి, లేదంటే అందరి సర్టిఫికెట్ పోతుంది. రూల్ అది. ఏ ఐదు చేలన్నది లిస్టు పెట్టమని నన్నే అడిగారు. పెట్టా. వరమ్మత్త పేరు లేదు. అందరి మంచికే అని ఇక్కడ రాసుకుంటే నమ్మగలనేమో అనుకున్నా. రాశా. నమ్మలేకపోతున్నా.

జనవరి 18

పొద్దున్నే వరమ్మత్త. లిస్టు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. ఈ ఏడు అందరికన్నా తన కాయే ఎరుపు గదా, తన చేను ఎందుకు లేదని అడిగింది. పెద్ద చేలు కావాలన్నారత్తా అని అబద్ధమాడా.

"నా పేరు రాయి."

మంచినీళ్లిచ్చా. తాగింది. కదల్లేదు. ఇంట్లో పనుందని గిన్నెలు చప్పుడు చేశా, అయినా కదల్లేదు. ఒక పేరు కొట్టేసి ఆమె పేరు రాశా. రాస్తున్నంతసేపూ నన్నే చూస్తూ కూర్చుంది. ఏందత్తా అన్నా. ఏం లేదంది.

జనవరి 19

అయిపోయింది. వరమ్మత్త ఉతికిన చీర కట్టుకుని చేలో నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ నాలుగు మూలలా తిరిగి కాయ కోసి సంచికి సీలు వేశాడు. సీలు మీద రెండు సంతకాలు — రైతుది, నాది. ఆమె అక్షరం అక్షరం పట్టి రాసి పెన్ను నాకిచ్చింది. ఇంకేమైనా చెప్పేది ఉందా మేడమ్ అని అడిగాడతను. ప్రతి చేలోనూ అడిగే మాటే. లేదన్నా. సంతకం పెట్టా.

జనవరి 27

ఫోన్ మోగితే చాలు, రిపోర్టు గురించేమో అని ముందు నంబర్ చూస్తున్నా.

ఫిబ్రవరి 3

కల్లాల నిండా కాయ. అచ్చంపేట వైపు నుంచి ఆరుగురు రైతులు వచ్చారు, మా సంఘంలో చేరతారట. ఎక్కడ చూసినా సేంద్రియమే అంటున్నారు, మీలాంటి నమ్మకమైన మనిషి ఉంటే మాకూ ధైర్యం అన్నారు. పేర్లు రాసుకున్నా. టీ పెట్టిచ్చా. వాళ్లు వెళ్లాక తలుపేసుకున్నా.

ఫిబ్రవరి 9

రిపోర్టు వచ్చింది. నాలుగు చేలు శుభ్రం. ఒకదాంట్లో మందు.

ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు. వరమ్మను తీసేస్తూ కాగితం తయారు చెయ్యమ్మా, మిగతా నలభై మందికి ఇబ్బంది ఉండదు అన్నారు. ముసలామె కక్కుర్తి పడింది అన్నారు. నేను ఊఁ అన్నా. సిగ్గుతో చచ్చిపోతున్నా.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం వరమ్మత్త వచ్చింది. గుడ్డసంచిలోంచి సీసా తీసింది. ఆ తెల్ల సీసానే, మూతతో సహా. ఎప్పుడో పారేసిందనుకున్నా.

"ముప్పయ్యేళ్లు కూలికి మందు కొట్టా. ఆ వాసన నాకు తెలవదా అమ్మాయ్?"

తెలిసీ ఎందుకు కొట్టావని అడిగా. చేను చస్తుంటే తనకీ ఆశ పుట్టిందట. తప్పు తనదీ ఉందంది. మరి పట్టుబట్టి పేరెందుకు రాయించావన్నా. సీసా మూత ఇంకోసారి బిగించింది.

"నువ్వే జెప్తావని జూశా. లిస్టు కాడ జూశా… సంతకం కాడ జూశా."

సీసా అరుగు మీద పెట్టింది. కోతలయ్యాక చేను వదిలెయ్యమని పొలం గలాయన కబురు పెట్టాడట. అది కూడా మామూలుగానే చెప్పింది. ఏడవలేదు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి నేను ఏడ్చా.

ఫిబ్రవరి 11

సీసా కాల్చెయ్ అన్నాడు మా ఆయన ఫోన్లో. కాల్చలేదు. లోపలికీ తేలేదు. అరుగు మీదే ఉంది, ఊడ్చేటప్పుడు దాని చుట్టూ ఊడ్చా.

ఫిబ్రవరి 12

రేపు పదింటికి మీటింగ్. కాగితం ముందు పెట్టుకున్నా. రైతు పేరు రాశా. సర్వే నంబర్ రాశా. తొలగించడానికి కారణం — ఆ గడి దగ్గర ఆగిపోయా.

నిజం రాస్తే… తనిఖీ చేసే మనిషే మందు తెచ్చిచ్చిందంటే, ఈ చేత్తో రాసిన మిగతా నలభై డైరీలను ఎవరు నమ్ముతారు? మూడేళ్ల కష్టం, నలభై ఇళ్లది. రాయకపోతే ఒక్క ఇల్లు. ఆ ఇల్లు మాకు మూడిళ్ల అవతలే. నేను రాస్తున్న కిటికీలోంచి వాళ్ల దడి మీద ఆరేసిన చీర కనిపిస్తోంది.

ఆమె ఫీల్డ్ డైరీ తెరిచా. డిసెంబర్ 21 పేజీ. వేప కషాయం, నాలుగోసారి. కింద ఆమె సంతకం. చదవడం వచ్చు ఆమెకి. నేను రాసింది చదివే పెట్టింది.

డైరీలో కొట్టివేత ఉంటే పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. ఊరందరికీ ఆ రూల్ నేర్పింది నేనే.

ఆ వేప కషాయం వాక్యం మీద గీత కొట్టేశా.

పక్కన ఇంకా ఏమీ రాయలేదు.