నీలం డబ్బా చీటీలు

8 సెప్టెంబర్ 1985, ఆదివారం

ఈ డైరీ మందుల కంపెనీవాడు మా హాస్పిటల్ ల్యాబ్‌కి ఇచ్చింది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఈ రోజు నుంచి రాస్తాను, ఎందుకంటే ఈ రోజు నాకో పదవి వచ్చింది. మా తెలుగు ఫెలోషిప్‌కి ఇకమీదట ప్రేయర్ సెక్రటరీని నేనే.

మేం పదకొండు కుటుంబాలం. అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన అయిపోయాక మూడింటికి బేస్‌మెంట్ మాకిస్తారు. తలుపు పక్కన కుర్చీ మీద నీలం రంగు కుకీల డబ్బా ఉంటుంది. కుకీలు ఎప్పుడో అయిపోయాయి. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయరు. నేను ఒక్కొక్కటీ పైకి చదవాలి, అందరూ ప్రార్థిస్తారు, తర్వాత చీటీలు చించేయాలి. పెద్దాయన దైవాశీర్వాదం గారు డబ్బా నా చేతికిస్తూ, విమలమ్మా, ఇవి దేవుడికి రాసుకున్నవి, నీకు రాసినవి కావు, గుర్తు పెట్టుకో తల్లీ అన్నారు. సరేనండి అన్నాను.

చించలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మొత్తం ఏడు. పేరు లేకపోతేనేం, రాత చూస్తే ఎవరిదో చెప్పేస్తాను. మోకాలి నొప్పి అబ్రహాం గారిది. ఒక కాలేజీ విషయమై అని రాసింది ఆయన భార్య వసంతక్క. ఏ కాలేజీయో రాయదు. హైస్కూల్ ఆఖరి ఏడు, సీనియర్ ఇయర్ పిల్లలున్న ఏ తల్లీ రాయదు. పేరు బయటపెడితే పక్కవాళ్ళ పిల్లలు కూడా అప్లై చేసేస్తారని భయం. దేవుడికి అడ్రస్ తెలుసులెండి అని నవ్వుతారు దైవాశీర్వాదం గారు. నేనూ అలాగే రాశాను, అబద్ధమెందుకు.

12 సెప్టెంబర్, గురువారం

స్కూల్ నుంచి కాగితం వచ్చింది. యూనివర్సిటీవాళ్ళ పెద్ద స్కాలర్‌షిప్‌కి ఒక్కో హైస్కూల్ ఒక్క సీనియర్‌నే నామినేట్ చేయాలట. నాలుగేళ్ళ చదువు ఖర్చు మొత్తం వాళ్ళదే. కాగితం రెండుసార్లు చదివాను. ఒక్కరినే.

మా నవోమి ఉంది. వసంతక్క కొడుకు ఉదయ్ ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే స్కూల్, చిన్నప్పటి నుంచి ఒకే సండే స్కూల్. గ్రేడ్లు సమానం. మిగతా పిల్లలు వీళ్ళ దరిదాపుల్లో లేరు. ఇక తేడా తెచ్చేది రీసెర్చ్ పేపరే, ఇరవయ్యో తారీఖుకి ఇవ్వాలి.

నవోమిది మా ఇంటి వెనక వాగు నీళ్ళలో బాక్టీరియా మీద. ఎండాకాలమంతా చేసింది. అంటే, సీసాల్లో నీళ్ళు పట్టింది తను. ఆ నీటి చుక్కలు వేసి బాక్టీరియాని పెంచే ప్లేట్లు మా ల్యాబ్‌లో నేను పెట్టాను, దాన్ని అక్కడికి రానివ్వరు కదా. వాటి మీద చుక్కల్లా మొలిచిన కాలనీలు లెక్కపెట్టింది నేను, నాది పదిహేనేళ్ళు ప్లేట్లు చూసిన కన్ను. నోట్‌బుక్‌లో ఎక్కించింది కూడా నేనే. పేపర్ కాస్త సరిచేశాను. దానిది ఫోన్‌లో కబుర్లు చెప్పుకునే ఇంగ్లీషు, సైన్స్‌కి పనికిరాదు. తల్లి అన్నాక ఆ మాత్రం చెయ్యి వేయదా?

ఉదయ్‌ది చరిత్రట. ఈ చుట్టుపక్కల పొగాకు ఆరబెట్టే బార్న్‌లలో పనిచేసిన ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి, కూర్చుని మాట్లాడి, అరవై పేజీలు రాశాడట. పదిహేడేళ్ళ కుర్రాడు. అరవై పేజీలు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

20 సెప్టెంబర్, శుక్రవారం

నవోమి పేపర్, నోట్‌బుక్ ఇచ్చేసింది. పొద్దున ఒకసారి చూస్తానంటే, బ్యాగ్‌లో పెట్టేశా మమ్మీ, బస్ వచ్చేస్తుంది అంది.

22 సెప్టెంబర్, ఆదివారం

ఒక చీటీ మిగతావాటిలా లేదు. ఇంగ్లీషులో, అన్నీ కేపిటల్ లెటర్స్. నేను స్కూల్‌లో ఇచ్చిన పని నాది కాదు, దాని వల్ల నాకు మంచి పేరు వస్తుంది, ఎలా ఆపాలో తెలియడం లేదు, నా కోసం ప్రార్థించండి అని.

చదివి తలెత్తాను. పెద్దవాళ్ళందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. సెక్రటరీ కూడా మూసుకోవాలని రూలేం లేదు. వసంతక్క మరీ గట్టిగా మూసుకుంది. ఉదయ్ తన షూస్ వంక చూస్తున్నాడు. నవోమి పియానో దగ్గర పాటల పుస్తకాలు సర్దుతోంది.

అదే రోజు, సాయంత్రం ఆరు

చీటీని కిటికీ దగ్గర పెట్టి చూశాను. అంచున తెల్లగా ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకితే పెచ్చులా లేచింది. వైట్-అవుట్. టైప్ చేసేటప్పుడు తప్పుల మీద పూసే తెల్లరంగు.

వసంతక్క ఇన్సూరెన్స్ ఆఫీసులో టైపిస్ట్.

24 సెప్టెంబర్, మంగళవారం

ల్యాబ్‌లో ఏదో తెలియని క్రిమి కనబడితే ఏం చేస్తాం? కానివాటిని ఒక్కొక్కటే తీసేస్తాం. చివరికి మిగిలిందే అది. మా ఫెలోషిప్‌లో ఈ ఏడు సీనియర్లు ముగ్గురు. రాజ్ కార్లు రిపేర్ చేసే కోర్స్‌కి వెళ్తానంటున్నాడు, వాడు పేపర్ రాయలేదు, రాసే రకమూ కాదు. నవోమి మన పిల్ల. ఇక మిగిలింది ఒక్కడు.

29 సెప్టెంబర్, ఆదివారం

మళ్ళీ అవే కేపిటల్ లెటర్స్. మా అమ్మకి ఎలా చెప్పాలి, తట్టుకోలేదు అని.

పిల్లవాడిని చూస్తే జాలేసింది. తల్లిని చూస్తే ఒళ్ళు మండింది. కన్నబిడ్డ తనతో చెప్పుకోలేక కుకీల డబ్బాతో చెప్పుకుంటున్నాడు. ఈవిడేమో పక్కనే కూర్చుని స్తోత్రం, స్తోత్రం అంటోంది.

1 అక్టోబర్, మంగళవారం

మా ఆయనకి చెప్పాను. రీసెర్చ్ పార్క్‌లో ఇంజనీర్ కదా, దేవకుమార్ గారికి ప్రతిదానికీ రుజువు కావాలి. చీటీలు రెండూ టేబుల్ మీద పెట్టాను. వాటిని చూడనే లేదు. ఇంకా చించలేదా ఇవి అని అడిగారు. అసలు విషయం వదిలేసి.

9 అక్టోబర్, బుధవారం

పెరట్లో కాసిన గోంగూరతో పచ్చడి చేసి, ఒక సీసా పట్టుకుని వసంతక్క ఇంటికి వెళ్ళాను. వట్టి చేతులతో వెళ్తే ఎందుకొచ్చిందా అనుకుంటుంది. డైనింగ్ టేబుల్ మీదే టైప్‌రైటర్ ఉంది. పక్కనే వైట్-అవుట్ సీసా.

ఉదయ్ పేపర్ నువ్వే టైప్ చేసిపెట్టావా అక్కా అని మామూలుగా అడిగినట్టు అడిగాను. నన్ను ముట్టుకోనిస్తేగా విమలా, నాకు నిమిషాల పనిరా ఇలా తే అంటే, నో మమ్మీ, ఇట్స్ మైన్ అంటాడు, రెండు వేళ్ళతో నెలరోజులు టకటకా కొడుతుంటే నా తల పగిలిపోయిందనుకో అంది. నవ్వుతూ చెప్పింది. అంత సులువుగా వచ్చిందంటే ముందే తయారుచేసి పెట్టుకున్న జవాబన్నమాట.

నేను లేస్తుంటే, నవోమి ప్రాజెక్ట్ చాలా బాగుందట, నువ్వేమైనా హెల్ప్ చేశావా అని అడిగింది. ఏదో ప్లేట్లు ఇచ్చానంతే అన్నాను. గురివింద గింజ తన నలుపెరుగదని ఊరికే అన్నారా? ఈవిడ నన్ను అడుగుతోంది.

15 అక్టోబర్, మంగళవారం

లంచ్ టైమ్‌లో స్కూల్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళి నామినేషన్లు చూసే కౌన్సెలర్ మిసెస్ పార్కర్‌ని కలిశాను. కంప్లయింట్ ఏమీ ఇవ్వలేదు. తోటి తల్లిగా ఒక మాట అన్నాను. కొందరి ఇళ్ళలో అమ్మలు టైపిస్టులు, టైప్ చేస్తూ చేస్తూ ఎక్కడ ఆగుతారో ఎవరికి తెలుసు అన్నాను. ఆవిడ పెన్ తీసింది. పేరు నేను చెప్పలేదు. ఉదయ్ గురించా మీరనేది అని తనే అడిగింది. నేను నా చేతుల వంక చూసుకున్నాను. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

స్టాండర్డ్స్ అనేవి ఎవరో ఒకరు కాపాడాలి కదా. పైగా ఆ పిల్లవాడే ఎలా ఆపాలో తెలియడం లేదని రాశాడు. నేను ఆపిపెట్టాను. అయినా లంచ్ డబ్బా తెరవకుండానే ల్యాబ్‌కి తిరిగి వచ్చేశాను. ఎందుకో తెలియదు.

24 అక్టోబర్, గురువారం

ఉదయ్‌ని ఆఫీస్‌కి పిలిచారట. ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, నీ పేపర్ గురించే మళ్ళీ రాయి అన్నారట. రెండు గంటలకి అర పేజీ కూడా రాలేదట. ఎందుకని అడిగితే ఏమీ చెప్పలేదట. నవోమి చెప్పింది, అన్నంలో పప్పు కలుపుతూ. కలిపింది గానీ తినలేదు. సమ్‌బడీ చెప్పారంట మమ్మీ, ఎవరు చెప్తారు అలాగ అని అడిగింది. నేను పెరుగు తేవడానికి లేచాను.

తన పనే అయితే రాసేవాడుగా. రాయలేదంటే నేను అనుకున్నదే నిజం.

27 అక్టోబర్, ఆదివారం

వసంతక్కవాళ్ళు రాలేదు. డబ్బాలో ఒక్క చీటీ లేదు.

1 నవంబర్, శుక్రవారం

నామినేషన్ నవోమికే. దేవునికి స్తోత్రం. కేక్ ఆర్డర్ చేశాను.

2 నవంబర్, శనివారం, మధ్యాహ్నం రెండు

రాయాలని లేదు. అయినా రాస్తాను.

స్కూల్‌వాళ్ళు నిన్న తిరిగి ఇచ్చిన ప్రాజెక్ట్ నోట్‌బుక్ తెచ్చి నవోమి టేబుల్ మీద, కేక్ పక్కన పెట్టింది. తెరువు మమ్మీ అంది. తెరిచాను. నా అంకెలే. ప్రతి లెక్క పక్కనా ఒక చిన్న తెల్లటి మచ్చ. ఏమిటిది అన్నాను. కిటికీ దగ్గర పెట్టి చూడు అంది. పేజీ ఎత్తి వెలుగుకి పట్టుకున్నాను. తెలుపు కింద వి.కె. దాని కింద మళ్ళీ వి.కె. పేజీ పొడుగునా వి.కె.

ల్యాబ్‌లో ప్లేట్ ఎవరు చదివితే వాళ్ళు లెక్క పక్కన తమ ఇనిషియల్స్ వేయాలి. వేయకపోతే ఆ రిపోర్ట్ చెల్లదు. కొత్తగా చేరేవాళ్ళకి అది నేర్పేదే నేను. నా చెయ్యి నన్ను అడక్కుండానే వి.కె. అని వేసేస్తుంది. నోట్‌బుక్‌లో నూట పన్నెండు చోట్ల వేసిందట. నవోమి లెక్కపెట్టింది. సెప్టెంబర్‌లో ఒక శనివారం నేను డ్యూటీలో ఉన్నప్పుడు కూర్చుని అన్నిటి మీదా తెలుపు పూసిందట. ఒక సీసా అయిపోతే సైకిల్ మీద వెళ్ళి ఇంకోటి కొనుక్కొచ్చిందట.

చీటీలు నావి మమ్మీ అంది. నువ్వే చదువుతావు కదా, నీకు తెలుస్తుంది అనుకున్నా, నీకే రాశా అంది.

నాకే రాసింది. పైకి చదివాను, అందరి ముఖాలూ చూశాను, దాని ముఖం ఒక్కటే చూడలేదు.

నిన్న నామినేషన్ సంగతి చెబుతూ మిసెస్ పార్కర్, స్టాండర్డ్స్ మీద మీ అమ్మగారికి ఎంత పట్టింపో అని మెచ్చుకుందట. అప్పుడు నవోమికి అర్థమైందట. తిన్నగా ఉదయ్ దగ్గరికి వెళ్ళిందట. ఆ రోజు ఎందుకు రాయలేదురా అని అడిగితే, అరవై పేజీలు నమ్మనివాళ్ళు అర పేజీ రాస్తే నమ్ముతారా అన్నాడట. ముసలివాళ్ళతో మాట్లాడిన క్యాసెట్లు ఇరవై ఉన్నాయట వాడి దగ్గర. అడిగి ఉంటే ఇచ్చేవాడు. ఎవరూ అడగలేదు.

నేనేమన్నాను? అందరు తల్లులూ చేసేదే అన్నాను. డాక్టర్ల పిల్లల ప్రాజెక్టులు ఎవరు చేస్తున్నారనుకున్నావ్ అన్నాను. ఎవరి కోసం చేశాను, నీ కోసమే కదా అన్నాను. అది అరవలేదు. అరిచినా బాగుండేది. మండే పొద్దున నేను మిసెస్ పార్కర్‌కి నాది చెప్తా, ఉదయ్‌ది నువ్వు చెప్పాలి, నువ్వు చేసింది కదా అంది. ఈ మొండితనం దీనికి ఎక్కడ అబ్బిందా అనుకున్నాను. ఏడేళ్ళ పిల్లని ల్యాబ్ గుమ్మం దాకా తీసుకెళ్ళి, చూడు నానీ, ఎవరు చదివితే వాళ్ళే పేరు వేయాలి అని చూపించింది నేనే.

సిగ్గుగా ఉంది. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. వసంతక్కకి ఏ ముఖం పెట్టుకుని కనబడను? ఆ పచ్చడి సీసా కడిగి, ఖాళీగా పంపకూడదని అందులో అరిసెలు పెట్టి పంపింది ఆవిడ. అవి ఇంకా అల్మారాలో ఉన్నాయి.

3 నవంబర్, ఆదివారం, ఉదయం పది

దైవాశీర్వాదం గారు వెళ్ళి పిలిచారట, వసంతక్కవాళ్ళు ఇవాళ వస్తారట. మా ఆయన, ఈ ఒక్క వారం మానేద్దాంలే విమలా, రేపు స్కూల్‌లో చెబితే సరిపోతుంది కదా అన్నారు. సరిపోతుంది. అక్కడ చెబితే మా వాళ్ళెవరికీ తెలియదు. మిసెస్ పార్కర్‌కి తెలుగు స్నేహితులు లేరు.

రెండింటికి డబ్బా తుడిచి కార్‌లో పెట్టాలి.

సాయంత్రం అయిదు

డబ్బాలో ఒకటే చీటీ. తెలుగులో. నిలబడి చదివాను. ఉదయ్ పని ఉదయ్‌దే, నవోమి పని నాది, స్కూల్‌లో ఆ మాట చెప్పింది నేను అని. కింద, నా చేతి అలవాటు ప్రకారం, వి.కె.

అదీ చదివాను.

తలెత్తి చూశాను. ఎవరూ కళ్ళు మూసుకోలేదు.