తెల్ల జిల్లేడని అన్నందుకు

జనవరి 19, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. అడ్మిన్ సార్ హుకుం — ఫ్యాక్టరీ వెనక గోడ వెంబడి జిల్లేళ్ళన్నీ పోవాలట. వచ్చే నెల ఐదున బయటి దేశం కస్టమర్లు చూడటానికి వస్తారు. పిచ్చి చెట్లట, గడ్డిమందు కొట్టించాలట. ఆరేళ్ళ నుంచి ఇక్కడ తోటపని చేస్తున్నాను, ఏది పిచ్చిదో నాకు తెలియదా?

ఆకులు తిప్పి చూశాను. పురుగులు. నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపున మూడు జతల కొమ్ములు అప్పుడే మొలుస్తున్నాయి. మొన్న వాలిన కాషాయం సీతాకోకల పిల్లలే. ముప్పై దాకా ఉన్నాయి. మూడు నాలుగు వారాలు ఆగితే ఎగిరిపోతాయి. ఆగితే ఎవరి సొమ్ము పోతుంది?

జనవరి 20

గేటు దగ్గర కొత్త బోర్డు — 'సీతాకోకచిలుకల వనం'. కింద ప్లాస్టిక్ గడ్డి. బోర్డు మీద బొమ్మ మోనార్క్ అనే అమెరికా సీతాకోకది. ఫోన్‌లో చూశాను దాని కథ. చలి రాగానే వేల మైళ్ళు దక్షిణానికి పోతుంది, వెనక్కి ఇల్లు చేరేది దాని మనవలూ మునిమనవలూ. అదీ పాలు కారే మొక్కల మీదే పెరుగుతుంది. మన కాషాయం దానికి దాయాది. ఎక్కడో ఉన్న దాయాదికి బోర్డు, ఇక్కడున్న దానికి మందు.

సార్‌తో చెప్పబోయాను. పురుగుల కోసం పని ఆపాలా అని నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది...

జనవరి 22

పురుగు ముందు ఆకు ఈనె కొరుకుతుంది. పాలన్నీ కారిపోనిస్తుంది. అప్పుడు తింటుంది. అంత ఓపిక నాకేదీ?

మందు డబ్బా భుజాన వేసుకుని మనిషి వచ్చేశాడు. పక్కనే సార్. నోటికొచ్చింది అనేశాను — "సార్, అండ్ల తెల్ల జిల్లేడు ఉన్నది. ముడితే మంచిది కాదు. ఇగ మీ ఇష్టం."

ఉన్నవన్నీ మామూలు ఊదా పూలవే. కిందటిసారి నరికాక చిగురించినవి, ఒక్క పువ్వూ లేదు, ఎవరికి తెలుస్తుంది? తెల్ల జిల్లేడు వేరులో వినాయకుడుంటాడని సార్‌కీ నమ్మకమే. చెప్పులు విడిచి దండం పెట్టారు. మందు మనిషి వెనక్కి పోయాడు. ఈ పూట అన్నం రుచిగా ఉంది.

జనవరి 24

రేపు రథసప్తమి. నాతో పనిచేసే మల్లమ్మ తలమీద పెట్టుకోవడానికి ఏడు ఆకులు అడిగింది. ఒక్కోటీ తిప్పి చూసి నేనే కోసిచ్చాను. నిజంగా తెల్లదేనా అని మెల్లగా అడిగింది. ఆమెతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆమె నవ్వలేదు.

"దేవుని పేరు చెప్పినవు. ఇగ గా మాట నీ చేతుల ఉండది బిడ్డా."

ముసలిదానికి అన్నీ భయాలే.

జనవరి 28

చిటికెన వేలంత అయ్యాయి. తిండి, తిండి, తిండి.

జనవరి 31

నాలుగు తలకిందులుగా వేలాడుతున్నాయి. రెండు అప్పుడే గూళ్ళయ్యాయి — లేత ఆకుపచ్చ, బంగారు చుక్కలు. రేపు ఆదివారం, సెలవు.

ఫిబ్రవరి 2

బస్సు దిగి వెనక గోడ దగ్గరికి పోయేసరికి — గుంటలు. వరసగా గుంటలు.

ఆదివారమూ పుష్యమీ కలిసి వచ్చాయట. తెల్ల జిల్లేడు వేరు తవ్వడానికి అంతకన్నా మంచి రోజు లేదట. పోతిరెడ్డిపల్లిలో సార్ కొత్త ఇల్లు, పూజగదిలో పెట్టుకోవాలి. ఏది తెల్లదో తెలియక అన్నీ తవ్వించారు.

కొమ్మలు కుప్ప పోసి ఉన్నాయి. గూళ్ళు నలిగి పచ్చటి నీళ్ళు. నేనూ మల్లమ్మా కుప్పంతా తిరగేశాం. బతికినవి పదకొండు. గోడ అవతల కాలువ గట్టున ఒక్కటే జిల్లేడు పొద మిగిలింది, పురుగులను దాని మీద వదిలాం, గూళ్ళను దారంతో కట్టాం. చెప్పిన గదా అని మల్లమ్మ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మందు కొట్టినా ఇవి చచ్చేవే. కానీ అది వాళ్ళ పాపం. ఇది నాది.

ఫిబ్రవరి 3

సార్ పిలిచి వేరు చూపించారు. పసుపు రాసి, ఎర్రగుడ్డలో. తొండం కనబడుతోందా అన్నారు. వంకర వేరు. కనబడుతోందన్నాను. నా నోరు పడిపోను.

ఫిబ్రవరి 4

వేరు చూసి డైరెక్టర్ గారు తమకూ ఒకటి కావాలన్నారట. సార్ మొహం వెలిగిపోతోంది. కాలువ గట్టు పొద సంగతి ఎవరు చెప్పారో.

"గది గూడ తెల్లదేనా? తెల్లదైతే డైరెక్టర్ సార్‌కు తవ్విస్త. కాకపోతే పొద్దుగాల్నే మందు కొట్టిస్త, కస్టమర్ల కారు గా తోవనే వస్తది. నువ్వు చూసి చెప్పమ్మా. నీ మాట మీద నాకు నమ్మకం."

అవునన్నా చావే. కాదన్నా చావే. మొత్తం అబద్ధమేనని చెప్పాలంటే, ఆయన పూజగదిలోంచి ఆ వేరు తీయించాలి. ఆ తర్వాత నాకు ఇక్కడ పని ఉంటుందా?

వచ్చేముందు పోయి చూశాను. తొమ్మిది గూళ్ళు. రెండు ఇంకా తింటున్నాయి. మళ్ళీ కదిపితే బతకవేమో, మార్చడానికి వేరే పొదా లేదు.

రేపు ఏడింటికి గట్టు దగ్గరికి రమ్మన్నారు. ఒకడు పారతో, ఒకడు మందు డబ్బాతో నిలబడి ఉంటారు. నేను నోరు తెరిచేదాకా.