ఒక ఫాల్ బాకీ

చిరంజీవి అమ్మడికి,

అమ్మ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. కులాసా అని రాయకపోతే నువ్వు కింది ముక్క చదవకుండానే బస్సెక్కి వచ్చేస్తావు కాబట్టి రాశాను. ఆ మాట ఎంతవరకు నమ్మాలో ఆఖరిదాకా చదివాక నువ్వే తేల్చుకో. ఒంట్లో అయితే ఇద్దరికీ ఏమీ లేదు. అది ముందే చెబుతున్నాను, కంగారుపడకు.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడి మింగిస్తే. లేకపోతే చొక్కా జేబులో వేసుకుని, స్కూలు వ్యాను తీశాక వేసుకుంటానంటారు. సాయంత్రం ఉతకబోతే మాత్ర జేబులోనే ఉంటుంది. నా మోకాలు పర్వాలేదు. వంటింటి గోడ చెమ్మ ఇంకా ఆరలేదు. ఇక ఆఖరి ప్రశ్న. "మొన్న ఫోన్లో ఏదో చెప్పబోయి, పాలు పొంగుతున్నాయని పెట్టేశావు. ఆ వేళప్పుడు మనింట్లో పాలెక్కడివమ్మా?" అని రాశావు. నిన్ను కన్నందుకు నాకు తగిన శాస్తే. పాలూ లేవు, పొంగడమూ లేదు. గొంతు వణికింది, నువ్వు కనిపెట్టేస్తావని పెట్టేశాను. కాగితం మీద గొంతు వినబడదు కదా, అందుకే ఇలా కూర్చున్నాను.

నువ్వు పంతులమ్మ చదువుకని హాస్టలుకి వెళ్ళాక నేను ఆయాగా చేరిన ఈ వృద్ధుల హోమ్ నువ్వింకా చూడలేదు. రెండే అంతస్తులు. కింద తమ కాళ్ళ మీద తాము తిరిగేవాళ్ళు ఉంటారు. కిటికీలు, వెనక చిన్న తోట, ఎవరి గదిలో వాళ్ళ సామాను. మేడ మీద ఉండేది పడినవాళ్ళు. అక్కడి మంచాలకి కటకటాలు, తలుపుకి నంబరు నొక్కే తాళం. మనిషి ఒకసారి పడితే హెచ్చరిక, రెండోసారి పడితే మేడ మీదికి మార్పు. "ఫలానా ఆయన్ని పైకి పంపేశారు" అని మా ఆయాలు మామూలుగా అనేస్తారు. చేరిన కొత్తలో ఆ మాట విని నేను ఏడుపు మొహం పెట్టాను, ఆయన నిక్షేపంగా మేడ మెట్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

మిషన్ మామ్మ గురించి నీకు చాలాసార్లు చెప్పాను. అదే, గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గుండీలు కుట్టే మామ్మ. నా జాకెట్టు చేతులు చూసి "ఎవడే కుట్టింది, గుడ్డిగా కుట్టినా ఇంతకన్నా బాగా వస్తుంది" అని ఊడదీసి మళ్ళీ కుట్టిన మామ్మ. మేడ మీదికి సూదులు, కత్తెర రానివ్వరు. మిషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. "పైకి పోతే నా చేతులు ఏం చేసుకోనే, ఒళ్ళో పెట్టుకుని చూసుకోనా?" అంటుంది. ఆమెకి చావు భయం లేదు, మేడ భయం ఉంది.

ఇక అప్పుడు ఫోన్లో నీకు చెప్పిన ఆ ఇంగ్లీషు ముక్క. నవ్వుతూ చెప్పాను, నువ్వూ పడీపడీ నవ్వావు. కానీ అమ్మడూ, నేను నీకు సగమే చెప్పాను. భోజనాలయ్యాక ఎవరెలా ఉన్నారో మా పెద్ద సిస్టర్‌కి ఫోన్లో మెసేజ్ పెట్టాలి, అదీ ఇంగ్లీషులోనే, ఎందుకంటే అది పై ఆఫీసుకీ ముసలివాళ్ళ పిల్లలకీ వెళ్తుంది. ఆ రోజు మామ్మ కుర్చీలో కునుకు తీస్తోంది. రోజూ 'స్లీప్' అని ఒక్క ముక్క కొట్టేదాన్ని. ఆ రోజు నువ్వు నేర్పిన 'ఫాల్ అస్లీప్' గుర్తొచ్చింది. కొత్త చీర కొనుక్కుంటే కట్టుకుని నలుగురిలో తిరగాలనిపిస్తుందే, అలా అనిపించింది నాకు. 'మామ్మ ఫాల్' అని కొట్టాను. తర్వాత మాట స్పెల్లింగు చటుక్కున తట్టలేదు. సరేలే అని అక్కడ ఒక చుక్క పెట్టి, 'స్లీప్ ఇన్ చైర్' అని పంపేశాను.

మామ్మ పడిపోయింది, కుర్చీలో స్పృహ లేకుండా ఉంది. పెద్ద సిస్టర్‌కి అర్థమైంది అది. స్ట్రెచర్ వచ్చింది, డాక్టరు వచ్చాడు, దూరాన ఉన్న మామ్మ కొడుక్కి ఫోను వెళ్ళింది. నలుగురు కలిసి ఎత్తబోతే మామ్మ కళ్ళు తెరిచి, "ఏమర్రా, నేను పోయానా? పోతే పోయాను గానీ, ఆ దిండు గలీబు అంచు మిగిలిపోయింది, కుట్టనివ్వండి" అంది. అందరూ నవ్వారు. నీకు చెప్పింది అంతవరకే.

చెప్పనిది ఇదీ. ఆ ఫాల్ లెక్కలోంచి పోలేదు. పెద్ద సిస్టర్ నన్ను గదిలోకి పిలిచి, "మన దగ్గర ఫాల్ అంటే నౌన్. అదొక కేసు. పై ఆఫీసు కంప్యూటర్లో ఎక్కిపోయింది, తీసేసే అధికారం నాకు లేదు" అంది. "పడలేదు కదండీ!" అన్నాను. "నువ్వే కదమ్మా పడిందని పంపావు?" అంది. మామ్మ కొడుకు కూడా భయపడిపోయి, ఇంకోసారి జరిగితే పైకి మార్చండని ముందే ఒప్పుకున్నాడట. పడకుండానే మామ్మ ఖాతాలో ఒకటి పడింది, నా చలవ వల్ల.

ఎంత ఉడుకుమోత్తనం వచ్చిందో! మనం పడటానికి ఒక లెక్కా పత్రమా చెప్పు. కష్టపడతాం, సిగ్గుపడతాం, ఇష్టపడతాం, మాటపడతాం. జబ్బు పడి కుదుటపడతాం. ఆఖరికి నిలబడాలన్నా అందులో పడటం ఉంది. మనల్నెవరైనా మేడ ఎక్కించారా? వీళ్ళేమో ఒక్క చిన్న మాటని పట్టుకుని, అది క్రియ అయితే ఒక న్యాయం, నామవాచకం అయితే ఇంకో న్యాయం అంటారు. నువ్వు పోయిన ఉత్తరంలో గుర్తు రాశావు చూడు: "'నిన్న' అనగానే రూపం మారితే వెర్బ్, ఫాల్ కాస్తా ఫెల్ అవుతుంది. 'నాది' అని చెప్పుకోగలిగితే నౌన్." ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. ముందే రాసి ఉంటే ఎంత బాగుండేది. నీ తప్పు కాదులే, నేను అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువుతున్నావు కదూ?

పోయిన వారం మామ్మ గదిలో దుప్పటి మారుస్తున్నాను. మిషన్ మీంచి దారం చుట్టిన బాబిన్ జారి మంచం కిందికి దొర్లింది. "నేను తీస్తాను ఉండు మామ్మా" అంటున్నానో లేదో, ఆమె వంగింది. వంగినది వంగినట్టే ముందుకి వెళ్ళిపోయింది. కణత మిషన్ బల్ల అంచుకి కొట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను పరిగెత్తి లేపి కూర్చోబెట్టాను. రక్తం లేదు, చిన్న బొప్పి కట్టింది అంతే. నేను గంట నొక్కడానికి చెయ్యెత్తితే మామ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఏం పట్టనుకున్నావు, ఇనప పట్టు.

"కేకెయ్యకే."

"చెప్పకపోతే ఎలా మామ్మా? తల!"

"నా తల నాకు తెలీదా? ఇదిగో చూడు, నువ్వు నాకొక ఫాల్ బాకీ ఉన్నావు. ఆ రోజు నేను పడకుండానే పడ్డానన్నావు. ఈ రోజు పడ్డాను, పడలేదను. చెల్లుకు చెల్లు."

ఏమనమంటావు? ఆ లెక్క తప్పని ఎలా చెప్పను? గంట మీంచి చెయ్యి దించేశాను. మధ్యాహ్నం మెసేజ్‌లో 'మామ్మ గుడ్' అని పెట్టాను.

అప్పట్నుంచి తేలు కుట్టిన దొంగలా తిరిగాను. పని ఉన్నా లేకపోయినా ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. మామ్మ నిద్రపోతే ఊపిరాడుతోందా అని చూసేదాన్ని, మెలకువగా ఉంటే "నా పేరేంటి మామ్మా?" అని అడిగేదాన్ని. "మతిపోయింది నాకా నీకా?" అని కసిరేది. ఆ తిట్టు వింటే ప్రాణం లేచొచ్చేది. ఇంటికొస్తే ముద్ద దిగేది కాదు. నాన్న "ఏమైంది?" అంటే పంటి నొప్పి అని చెప్పాను. నీకు ఫోన్ చేసి పాలు పొంగించింది కూడా అప్పుడే.

ఆ ఫోను చేసిన మర్నాడు మామ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. కళ్ళజోడు లేకుండా ఎక్కించే మనిషి, ఎంతకీ ఎక్కించలేకపోయింది. దారం సూదికి పక్కన గాల్లో గుచ్చుతోంది. నవ్వుతూ నావైపు తిరిగి, "చెల్లీ, నువ్వు ఎక్కించవే" అంది. మామ్మ చెల్లెలు పోయి ఎన్నో ఏళ్ళయింది.

ఎలా పరిగెత్తానో తెలీదు అమ్మడూ. పెద్ద సిస్టర్ గదిలో పై ఆఫీసువాళ్ళు ఎవరో కూర్చుని ఉన్నారు. అయినా ఆగలేదు. "మామ్మ ఫెల్" అన్నాను. ఆవిడ లేచి నిలబడి, "ఫాల్ ఆ? మళ్ళీ నిద్రపోయిందా?" అంది. "కాదు సిస్టర్. ఫెల్. నిజంగా పడింది. తల తగిలింది. నేను చూశాను, చెప్పలేదు. ఇవాళ కాదు, కొన్ని రోజుల కిందటే పడింది." ఆవిడ నన్ను తిట్టలేదు. ఒక్కసారి నా మొహంలోకి చూసి పరిగెత్తింది. తిట్టి ఉంటే బాగుండేది.

తలలో కొద్దిగా రక్తం చేరిందట. ఆపరేషన్ అక్కర్లేదు, మెల్లిగా తగ్గుతుంది, కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే అని మొదలుపెట్టిన డాక్టరు నన్ను చూసి ఆపేశాడు. మిగతాది నేనే పూర్తిచేసుకున్నాను. ఇంటికొచ్చాక కూడా పూర్తిచేస్తూనే ఉన్నాను.

నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. మామ్మకి తెలివి బాగా వచ్చింది. నన్ను చూసి గోడవైపు తిరిగిపోయింది.

"బాకీ ఎగ్గొట్టావు కదే."

"నిన్ను చంపి తీర్చే బాకీ నాకొద్దు మామ్మా" అన్నాను. అని భోరుమన్నాను. వార్డు వార్డంతా మావైపే చూసింది.

మామ్మ గోడవైపు తిరిగే అంది: "ఏడవకు, జాకెట్టు తడుస్తుంది, కుట్టింది నేను. రెండోది నాదే, పడ్డాను, ఒప్పుకుంటాను. మొదటిది నాది కాదు. అది ఎవరిదో పై ఆఫీసువాళ్ళకి చెప్పు."

సోమవారం పై ఆఫీసువాళ్ళు కూర్చుంటారు. తేల్చేవి రెండు: మామ్మ కిందా పైనా, నేను లోపలా బయటా. జరిగింది నా చేత్తో, ఇంగ్లీషులో రాసివ్వమంది పెద్ద సిస్టర్. "నేను రాసిస్తే నిన్ను వెనకేసుకొచ్చాననుకుంటారు" అంది. ఆవిడా చెడ్డది కాదు.

నాన్నకి అంతా చెప్పేశాను. ముందు, "నీకు ఇంగ్లీషు వస్తే ఉద్యోగం పోయేట్టుంది, రాకపోతే మనిషి పోయేట్టుంది" అన్నారు. తర్వాత మెల్లిగా, "రెండోదొక్కటే ఒప్పుకో. మొదటిదాని ఊసెత్తకు. ఒక తప్పుకి చివాట్లతో వదిలేస్తారు. పిల్ల చదువు ఇంకా ఉంది" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నేనూ అదే అనుకున్నాను, పొద్దున్నదాకా. కానీ నేను ఊసెత్తకపోతే మామ్మకి రెండవుతాయి. ఎత్తితే నాకు రెండవుతాయి, తప్పు కబురు ఒకటి, దాచిన కబురు ఒకటి. నాకు మేడ లేదు, గేటే. పొద్దున వ్యాను తీసేముందు నాన్న వెనక్కొచ్చి, కిటికీలోంచి, "రాసెయ్. పిల్ల దిద్దుతుంది" అనేసి వెళ్ళిపోయారు. మాత్ర వేసుకున్నారా అని అడగడం కూడా మర్చిపోయాను.

నీ హాస్టలు సంగతి ఆలోచించలేదనుకోకు. రాత్రీ పగలూ అదే. ఇంకో పని దొరక్కపోదు, ముసలివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కానీ దాచిందన్న మాట నాకంటే ముందు నడుస్తుంది కదా. భయపడుతున్నాను తల్లీ. నీ ముందు దాచేదేముంది? పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారంటారు. అది మాటపడ్డవాళ్ళకి చెప్పింది, దాచినవాళ్ళకి వర్తిస్తుందో లేదో నాకు తెలీదు.

రాసింది కింద పెడుతున్నాను, మనకి అలవాటైనట్టు తెలుగు అక్షరాల్లోనే. నువ్వు ఇంగ్లీషులో అందంగా రాసి, తిరుగు టపాలో పంపు. దాన్ని చూసి నా చేత్తో రాసుకుంటాను. ఎర్ర పెన్నుతో ఎంత గీసినా సరే, గ్రామరు దిద్దు, నిజం దిద్దకు. నా మీద జాలిపడి ఒక్క ముక్క తగ్గించినా తెలిసిపోతుంది నాకు.

'ఫస్ట్ టైమ్ షి స్లెప్ట్. ఐ రోట్ ఫాల్. సెకండ్ టైమ్ షి ఫెల్. ఐ సా. ఐ డిడ్ నాట్ టెల్. సెకండ్ ఫాల్ ఈజ్ హర్స్. ఫస్ట్ ఫాల్ ఈజ్ మైన్.'

ఆఖరి వాక్యం చాలాసేపు చూసుకున్నాను. అందులో ఫాల్ నౌనే కదా అమ్మడూ? నాదని చెప్పుకున్నాను మరి.

ఇట్లు,
నువ్వు దిద్ది పంపేదాకా గుమ్మం వైపే చూస్తుండే
మీ అమ్మ