నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా

మార్చి 18, బుధవారం

ఈరోజు మీటింగ్‌లో మా డివిజనల్ ఇంజనీర్, డీఈ పాండురంగారావు గారు నా ప్లాన్‌ను అందరి ముందూ మెచ్చుకున్నారు. కరెంటాఫీసు ప్లానింగ్ సెక్షన్‌లో చేరినప్పటి నుంచి ఇలా జరగడం ఇదే మొదటిసారి. రాసుకోకపోతే రేపు నేనే నమ్మను.

సమస్య ఏమిటంటే, పగలు సోలార్ కరెంటు కావలసినంత ఉంది. పొద్దు గుంకాక లేదు, తెల్లవారేలోపు లేదు. అప్పుడు బయట కొనాలంటే ధర మండిపోతోంది. ఎక్కడో ఒకచోట సరఫరా కోయక తప్పదు. ఏలూరు టౌన్‌లో కోస్తే నాయకుల ఫోన్లు. తాడేపల్లిగూడెంలో కోస్తే ఉక్కపోతలో లేచి కూర్చునేది నేనే. అందుకని కొల్లేరు వైపు రొయ్యల చెరువులకు వెళ్లే లైన్‌ను, ఆక్వా ఫీడర్‌ను ఎంచాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. ఆ టైమ్‌లో ఎవరు లేచి ఉంటారు, ఎవరు అడుగుతారు?

రెండో ముక్క పూర్తిగా నా సొంత తెలివి. ఎలాగూ లైన్ ఆపే ఆ రెండు గంటల్లోనే లైన్‌మన్‌లు మెయింటెనెన్స్ పనులు చేసుకుంటే, దానికోసం మళ్లీ వేరే కోత అక్కర్లేదు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. సార్ ఆ పేరా నాతో రెండుసార్లు చదివించుకున్నారు.

మార్చి 22, ఆదివారం

భీమడోలులో గుడిలో ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ దగ్గర భోజనం. తమ్ముడు అనిల్, వాడి భార్య దీవెన కూడా వచ్చారు. వాడు ఆ ఫీడర్ మీదే జూనియర్ లైన్‌మన్. కొల్లేరు అంచున లంక గ్రామంలో కాపురం.

నా కోతల రోస్టర్ సంగతి వినగానే వాడి మొహం మాడిపోయింది. అక్కా, రొయ్యకు ఊపిరి ఆడనిది సరిగ్గా ఆ టైమ్‌లోనే అన్నాడు. రాత్రంతా నీళ్లలో గాలి తగ్గుతూ వచ్చి తెల్లవారేసరికి అడుగంటుతుందట. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరిగి తీరాల్సింది అప్పుడేనట. నాకు తెలియదు. నా దగ్గర ఉన్నవి మెగావాట్లు, రొయ్యలు కావు.

కానీ వాడి ముందు ఒప్పుకుంటానా? నీకు స్తంభం తెలుసురా, నాకు సిస్టమ్ తెలుసు అన్నాను. సిస్టమ్‌ను ఒకసారి లంకకు పంపించవే, చెరువు చూపిస్తాను అన్నాడు. అమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

మార్చి 30, సోమవారం

రోస్టర్ మొదలైంది. ఒక్క ఫోన్ రాలేదు. రొయ్యల రైతులు ఇంత మర్యాదగా ఉండడం నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 7, మంగళవారం

ఫోన్లు ఎందుకు రాలేదో తెలిసింది. మధ్యాహ్నం దీవెన ఫోన్ చేసింది. ఏలూరు నుంచి రహమాన్ గారని ఒకాయన పాత డీజిల్ జనరేటర్లు అద్దెకు తెచ్చి ఇస్తున్నారట. ఒక్కో రైతుకు ఒక్కోటి కాదు. నాలుగైదు చెరువులకు కలిపి ఒకటి. దాని వైర్లు తీసుకెళ్లి ఆ చెరువుల ట్రాన్స్‌ఫార్మర్‌కే తగిలిస్తున్నారు. అప్పుడు అందరి ఏరియేటర్లూ ఒకేసారి తిరుగుతాయి. కలిసి తినే ఊరు, కరెంటు కూడా కలిపే తింటోంది.

అది కాదు దీవెన చెప్పాలనుకున్నది. ఈ తెల్లవారుజామున కోత టైమ్‌లో వాళ్ల వీధి లైటు మినుకుమని వెలిగి ఆరిపోయిందట. మా వీధికి ట్రాన్స్‌ఫార్మర్ వేరే కదండీ వదినా, ఎలా వెలుగుతుంది అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను.

ఏమీ లేకపోవడమా! జనరేటర్ వేసేముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను లైన్ నుంచి విడదీయాలి. మరచిపోతే ఆ కరెంటు వెనక్కి ఎక్కి, పెద్ద లైన్‌లోకి వెళుతుంది. లైన్ చచ్చిపోయి ఉందనుకుని స్తంభం ఎక్కేవాడు ఎవడు? అనిల్. ఆ టైమ్‌లోనే ఎక్కమని రాసింది ఎవరు?

భయంగా ఉంది. పైకి చెప్పుకోలేని భయం.

ఏప్రిల్ 9, గురువారం

డీఈ గారికి చెప్పాను. తలుపు వేయమన్నారు. ఆ చెరువులు కొల్లేరు సరస్సు హద్దు లోపల, తవ్వకూడని చోట ఉన్నవండీ, రికార్డు ప్రకారం అక్కడ చెరువులే లేవండీ అన్నారు. లేని చెరువుకు జనరేటర్ ఉందని ఎలా రాస్తారండీ పెర్సిస్ గారూ, రాస్తే వాటికి కరెంటు ఇస్తున్నామని మనమే ఒప్పుకున్నట్టు కాదా అని మెత్తగా అడిగారు. కాఫీ తెప్పించారు. చెవిటివాడి ముందు శంఖం ఊది, కాఫీ తాగి వచ్చాను.

ఏప్రిల్ 12, ఆదివారం

గుడి బయటే అనిల్‌ను నిలదీశాను. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా లైన్‌కు ఎర్త్ రాడ్లు వేసి ఎక్కుతున్నావా అంటే, సెక్షన్ మొత్తానికి ఒకటే సెట్టు, ముందు వచ్చినవాడు పట్టుకుపోతాడు అన్నాడు. రైతులు ట్రాన్స్‌ఫార్మర్ విడదీశాక వాడికి ఫోన్ చేసి చెబుతారట. తీసేశామండీ అనిల్ గారూ అంటే చాలట, వీడు ఎక్కుతాడట. వాళ్లు మనవాళ్లే అక్కా, అబద్ధం ఎందుకు చెబుతారు అన్నాడు. నిద్రమత్తులో నిజం కూడా తప్పుతుందిరా అన్నాను.

మరి సబ్‌స్టేషన్ సంగతి? ఇదివరకు స్తంభం ఎక్కే ప్రతిసారీ ఆపరేటర్‌కు ఫోన్ చేసి, అతను లైన్ ఆపానని చెప్పాకే ఎక్కేవాళ్లు. దాన్ని లైన్ క్లియర్ అంటాం. ఈ రెండు గంటల్లో ఇప్పుడు ఎవరూ అడగడం లేదట. ఆపేసిన లైన్‌ను మళ్లీ ఆపమంటావేమయ్యా అని ఆపరేటర్ విసుక్కుంటాడట. రోస్టరే మా లైన్ క్లియర్ అక్కా, నువ్వు వేసిన టైమ్ తప్పదుగా అన్నాడు. గర్వంగానే అన్నాడు.

నిజం రాస్తాను. ఆ మాటకు నేను మురిసిపోయాను. జనరేటర్ల గురించే మళ్లీ పోట్లాడి రైలెక్కాను.

ఏప్రిల్ 17, శుక్రవారం

రోజూ ఆఫీసు రైల్లో భీమడోలు స్టేషన్ రాగానే, అనిల్‌కు చేయడానికి చెయ్యి దానంతట అదే ఫోన్ తీస్తోంది.

ఏప్రిల్ 21, మంగళవారం

అనిల్‌కు స్తంభం మీద కరెంటు తగిలి చెయ్యి జివ్వుమందట. వెంటనే దిగిపోయాడు. ఒక రైతు విడదీయకుండానే జనరేటర్ వేశాడు, మరచిపోయాడు, దండం పెట్టి క్షమించమన్నాడు, వీడు క్షమించాడు. దీవెన ఫోన్‌లో ఏడుస్తూ చెబితే తెలిసింది. వాడు మాత్రం వెనక నుంచి నవ్వుతున్నాడు.

ఇక ఊరుకోను. నేను వేసింది నేనే తీయించాలి.

ఏప్రిల్ 25, శనివారం. సాయంత్రం

తీయించాను!

ఈసారి ప్రాణం మాట ఎత్తలేదు. రైతులు డీజిల్ మీద ఏరియేటర్లు తిప్పుకుంటున్నారు, ఆ మేరకు మన కరెంటు అమ్మకం పడిపోతోంది సార్ అన్నాను. పాండురంగారావు గారు అరనిమిషంలో సంతకం పెట్టారు. రేపటి తెల్లవారుజాము నుంచే ఆ ఫీడర్‌కు కోత లేదు. సబ్‌స్టేషన్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆపరేటర్ సంతోషంగా సరేనండీ మేడమ్ అన్నాడు. సెక్షన్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. కరెంటు ఉంటే జనరేటర్లు ఉండవు. వెనక్కి ఎక్కే కరెంటూ ఉండదు.

అనిల్‌కు ఫోన్ చేయబోయి ఆగాను. రేపు ఆదివారం. వాడికి డ్యూటీ ఉండదు. గుడి దగ్గర మొహం చూసి చెప్పాలి. సిస్టమ్ లంకకు వచ్చి వెళ్లిందిరా అనాలి. అమ్మకు చేపల పులుసు పెట్టమని చెప్పాను. ఎన్నాళ్ల తరవాతో ఒళ్లు తేలికగా ఉంది.

ఏప్రిల్ 29, బుధవారం

ఆదివారం వాడు డ్యూటీకి వెళ్లలేదు. సాయానికి వెళ్లాడు. చెరువుగట్టు మీద స్తంభానికి ఒక జంపర్, తీగకూ తీగకూ మధ్య కలిపే ముక్క, వేలాడుతోందని రైతులు శనివారమే చెప్పారట. కోత టైమ్‌లో కట్టేసి, స్నానం చేసి గుడికి వచ్చేస్తానని దీవెనతో అని చీకటితోనే వెళ్లాడు. గ్రూప్‌లో మెసేజ్ చూడలేదు. లంకలో సిగ్నల్ అంతంతమాత్రం. జనరేటర్ చప్పుడు ఎక్కడా లేదని ధైర్యంగా ఎక్కాడట, కింద నిలబడ్డ రైతు చెప్పాడు. ఈరోజు ఎవరూ జనరేటర్ వేయలేదండీ, ఎందుకు వేస్తామండీ, కరెంటు ఉందిగా అని ఏడ్చాడు. కరెంటు ఉన్న సంగతి అనిల్‌కూ తెలుసనుకున్నాడట.

సబ్‌స్టేషన్‌కు ఎవరూ ఫోన్ చేయలేదు. నేను వేసిన టైమ్ కదా.

ఆ పొద్దున నేను గుడి మెట్ల మీద నిలబడి వాడికోసం దారి చూస్తూ ఉన్నాను. ఒక్క ఫోన్. శనివారం సాయంత్రం ఒక్క ఫోన్ చేసి ఉంటే నా తమ్ముడు బతికేవాడు. వాడి మొహం చూడాలని దాచుకున్నాను. చూశాను.

మే 7, గురువారం

ఎంక్వైరీ ముగిసింది. లైన్ క్లియర్ తీసుకోకుండా స్తంభం ఎక్కడం సిబ్బంది నిర్లక్ష్యం అని తేల్చారు. పాండురంగారావు గారు చాలాసేపు బాధపడ్డారు. ఆ తరవాత, బయట ధరలు మళ్లీ పెరిగాయండీ అన్నారు. ఆక్వా ఫీడర్‌ను రోస్టర్‌లో పెట్టాలి, పాత టైమే బాగుందండీ, మీరు పెట్టలేకపోతే వేరేవాళ్లతో పెట్టిస్తాను అన్నారు. నేను పెట్టలేదు. వేరేవాళ్లు పెట్టారు.

మే 11, సోమవారం. తెల్లవారుజాము

ఫోన్ మోగింది. అనిల్ స్థానంలో వచ్చిన లైన్‌మన్ నిరంజన్. మేడమ్, స్తంభం దగ్గర ఉన్నానండీ, ఈ టైమ్ మీరే వేశారటగా, లైన్ ఆపారంటున్నారండీ, ఎక్కమంటారా అండీ అని అడిగాడు.

ఎక్కొద్దు అన్నాను. అతను ఎప్పుడో ఫోన్ పెట్టేశాడు. ఎక్కొద్దు, ఎక్కొద్దు అని నేను ఇంకా అంటూనే ఉన్నాను.