గోడ మీద దొరసాని

అక్కా,

నేనూ దొరసానీ క్షేమంగా చేరాము. రైల్లో దారి పొడుగునా నా పాదాల మీదే పడుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదపలేదు, కదిపితే లేస్తుందని. "ముసలి కుక్కను వెంటేసుకుని ఊళ్ళు తిరగడమేమిటే, పిచ్చి గానీ పట్టిందా?" అని నువ్వు నవ్వావు చూడు, ఇక్కడ అలా ఎవరూ నవ్వరక్కా. ఇది కుక్కల ఊరు. ప్రతి దుకాణం ముందూ నీళ్ళ గిన్నె. బ్యాంకు గుమ్మం పక్కన గోడకు ఇనప కడియాలు, తాడు కట్టుకోవడానికి. ట్రాములో దాన్ని ఒళ్ళో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, డ్రైవరు వెనక్కి తిరిగి "కిందికి దింపండమ్మా, దానికీ చోటుంది" అన్నాడు. గ్రంథాలయంలో పేపర్లు చదివేవాళ్ళ కాళ్ళ దగ్గర రెండు కుక్కలు గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. నేల తడిగా ఉంటే కాలు కింద పెట్టదనే కదా నా పిల్ల దీనికి దొరసాని అని పేరు పెట్టింది! అలాంటిది నిన్న వానలో తోక ఊపుకుంటూ నడిచింది. అందరూ దాన్నే పలకరిస్తారు, నన్ను కాదు. ఒకాయన "ఎన్నేళ్ళు?" అంటే నా వయసు చెప్పబోయి నాలిక కరుచుకున్నాను.

నవ్వులాటకు రాలేదులే. దీని మూత్రపిండాలు పాడయ్యాయని పశువుల డాక్టరు చెప్పాడు. నెల రోజులట, మహా అయితే రెండు నెలలట. ఈలోపు దీన్ని ఒక్కసారి పిల్లకు చూపించాలి. లాండ్రీలో సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి సెలవు తీసుకున్నాను. ఆసుపత్రి దుప్పట్లు నేను లేకపోయినా ఎవరో ఒకరు ఇస్త్రీ చేస్తారు. మన వీధి టైలరు తమ్ముడు మన పిల్లను ఈ ఊళ్ళో ట్రాములో చూశాడట. ఎక్కడ ఉంటుందో అడిగే లోపు దిగిపోయిందట. కుక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల, కుక్కల్ని రానిచ్చే చోటికి రాకుండా ఉంటుందా? అందుకే అలాంటి చోట్లన్నీ వెతుకుతున్నాను. రోజుకో పేట.

మూడేళ్ళుగా కన్నతల్లికి ఒక్క ఫోనైనా చెయ్యలేదని నువ్వు దాన్ని దుమ్మెత్తిపోస్తుంటావు. నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడైనా తిట్టకు అక్కా. ఎందుకో తర్వాత రాస్తాను.

నీ చెల్లెలు

*

అక్కా,

ఇది చదివాక నువ్వు నన్ను తిడతావు. కానీ చివరిదాకా చదివి తిట్టు.

ఎనిమిదో రోజు కాళ్ళు పీక్కుపోయి నది ఒడ్డున ఒక టీకొట్టులో కూలబడ్డాను. గోడ నిండా కుక్కల ఫొటోలు. ఇవన్నీ మీవేనా అని కొట్టావిడను అడిగాను. "ఇక్కడికి వచ్చేవాళ్ళవమ్మా. కుక్క పోతే ఫొటో తెచ్చి పెట్టుకుంటారు. ఇక్కడన్నీ పోయినవే" అంది. ఊరికే చూస్తున్నాను. మూడో వరసలో మన దొరసాని! చిరిగిన ఎడమ చెవి, మన వరండా, నా నీలం దుప్పటి. కింద పిల్ల చేతిరాత: "నువ్వుంటే ఈ ఊరంతా తిప్పేదాన్ని."

ఆ ఫొటో కిందే దొరసాని చప్పుడు చేస్తూ నీళ్ళు తాగుతోంది అక్కా.

కొట్టావిడ ఫొటో వంక చూసింది, కుక్క వంక చూసింది, నా వంక చూసింది. "ఇది చచ్చిపోయిందని ఆ అమ్మాయి ఇదే కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిందే! ఎవరా మాట చెప్పింది?"

"నేనే" అన్నాను.

అవునక్కా, నేనే చెప్పాను. ఆ రోజు పిల్ల నాతో పోట్లాడి వెళ్ళిపోయేటప్పుడు, గది దొరకగానే తీసుకెళ్తానని కుక్కను నా దగ్గర వదిలింది. గది దొరికిందని ఫోను చేసింది. కావాలంటే నువ్వే రా, నేను పంపనన్నాను. రెండోసారి బతిమాలింది. అప్పుడూ అదే మాట. మూడోసారి ఎవరితోనైనా పంపమంటే, కోపమో కచ్చో తెలియదు, "అది పోయి వారమైంది" అనేశాను. ఏడ్చుకుంటూ అయినా ఇంటికి వస్తుందనుకున్నాను. ఫోను పెట్టేసింది. అంతే, మళ్ళీ చెయ్యలేదు. ఆ నంబరూ పని చెయ్యలేదు. నీకు మాత్రం, పిల్ల నన్ను కాదనుకుని పోయిందని చెప్పుకున్నాను. నువ్వు నమ్మావు.

కొట్టావిడ కబురు చేస్తే పిల్ల వచ్చింది. కళ్ళద్దాల షాపులో పనట, మెడలో ఆ ఏప్రాను తీయనైనా తీయలేదు. చిక్కిపోయింది. నా వంక చూడలేదు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని "దొరసానీ, దొరసానీ" అని రెండుసార్లు పిలిచింది. అది దాని చెయ్యి వాసన చూసింది. చూసి, వచ్చి నా కాళ్ళ వెనక నిలబడింది.

"కళ్ళు సరిగ్గా ఆనడం లేదే దానికి, ముసలిదైపోయింది" అన్నాను.

"కళ్ళు కాదమ్మా. నన్ను మర్చిపోయింది." లేచి, "ఎందుకు చెప్పావలా?" అంది.

"నువ్వొస్తావని."

"చచ్చిపోయిందంటే ఎందుకొస్తానమ్మా?"

ఈ ముక్క నాకు మూడేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు అక్కా.

"దాన్ని ఇచ్చి వెళ్ళు. నువ్వు మాత్రం ఉండొద్దు" అంది. తాడు చేతికిచ్చాను. మాత్రలు రొట్టెలో పెట్టాలని, ముందు మనం ఒక ముక్క కొరికితేనే అది తింటుందని చెప్పాను. వింటున్నట్టు తల ఊపింది. నేను గుమ్మం దాటుతుంటే దొరసాని తాడు గుంజుకుంటూ మూలిగింది. వెనక్కి తిరిగితే ఇక కదల్లేనని తిరగలేదు.

రేపు పొద్దున్నే రైలు.

నీ చెల్లెలు

*

పెద్దమ్మా,

నా ఉత్తరం చూసి నువ్వు కంగారు పడతావు. నేను బాగానే ఉన్నాను. జరిగింది అమ్మ నీకు రాసే ఉంటుంది.

దొరసాని నా దగ్గర అయిదు రోజులు ఉంది. షాపుకు సెలవు పెట్టి దానికి ఊరంతా చూపించాను. ట్రాము ఎక్కించాను, నది ఒడ్డున కూర్చోబెట్టాను, గ్రంథాలయంలో నేను కూర్చునే బల్ల చూపించాను. చుట్టపుచూపుగా వచ్చినట్టు బుద్ధిగా నా వెంట నడిచేది. దారిలో అమ్మ వయసు ఆవిడెవరైనా సంచీ పట్టుకుని కనిపిస్తే చాలు, తాడు గుంజుకుంటూ అటు పోయేది. దగ్గరికెళ్ళి వాసన చూసి మళ్ళీ నా దగ్గరికి వచ్చేది. ఇంట్లో గడప దగ్గరే పడుకునేది. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయింది పెద్దమ్మా. దీన్ని కూడా అమ్మ తనదాన్ని చేసుకుందే అనిపించింది. తర్వాత ఆ కోపమూ పోయింది. మూడేళ్ళు దానికి అన్నం పెట్టింది అమ్మే కదా.

నాలుగో రోజు రొట్టె ముట్టలేదు. నేను కొరికి పెట్టినా ముట్టలేదు. అయిదో రోజు డాక్టరు వచ్చి, ఇక మందులతో బాధపెట్టొద్దన్నాడు. సాయంత్రం ఏం తోచక అమ్మ నంబరు కలిపి, ఫోను దాని చెవి దగ్గర పెట్టాను.

"ఎవరు?" అంది అమ్మ. నేను పలకలేదు. "ఎవరమ్మా? మాట్లాడండి!"

దొరసాని తలెత్తింది. పెద్దమ్మా, ఆ అయిదు రోజుల్లో నా గొంతుకు ఒక్కసారైనా అలా తలెత్తలేదు. తోక నేలకు రెండుసార్లు కొట్టింది. అమ్మ ఇంకాసేపు హలో హలో అని పెట్టేసింది. తెల్లారేసరికి అది పోయింది. కొట్టావిడ చెప్పిన చోట, నది గట్టు మీద పూడ్చాను. ఆవిడ కూడా వచ్చింది.

ఆ ఫోను చేసింది నేనేనని అమ్మకు చెప్పు. తన గొంతు విని అది తోక ఊపిందని చెప్పు. చివరిదాకా తన కోసమే చూసిందని చెప్పు. ఇది అమ్మకు తెలియాలి. నేను చెప్తే క్షమించాననుకుంటుంది, మర్నాడే రైలెక్కి వస్తుంది. రావద్దని చెప్పు. గడప దగ్గర దాని పక్కనే కూర్చుని, క్షమించగలనేమోనని ఆ రాత్రంతా చూశాను. నా వల్ల కాలేదు పెద్దమ్మా.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ పిల్ల