పోలేని కస్టమర్లు

కోరుట్ల,
జనవరి 4

మార్కండేయులన్నకు, నీ తమ్ముడు చాంద్ పాషా సలాం.

ఇరవయ్యో తారీఖు సిరిసిల్లల మనం సంతకాలు పెట్టాలె. నీ మ్యూచువల్ ఫండ్ల ఆఫీస్, నాది కలిసి ఒకటైతయి. దానికి ముందు ఒక మాట చెప్పాలె. ఫోన్‌ల చెప్తే నువ్వు నడుమల అడ్డమొస్తవు, నేను సగంల ఆగిపోత. అందుకే రాస్తున్న.

ఇన్నేండ్లల కస్టమర్లు ఎంతమంది పోయిన్రని నువ్వు అడిగితే, పంతొమ్మిదేండ్లల ఒక్కరు పోలేదని చెప్పిన. గా మాట మీదనే నాకు సగం వాటా ఒప్పుకున్నవు. నా బిడ్డ నాహీద్ ఏజెంట్ పరీక్ష పాసై నాలుగేండ్ల సంది నాతోనే పని చేస్తున్నది. అయినా ఆఫీస్ ఆమెకు ఇయ్యలే. ఆడపిల్ల దగ్గర కస్టమర్లు నిలువరని నీకు చెప్పిన.

మొన్న నీకు పంపే కస్టమర్ల లిస్టు ఆమెనే తయారు చేసింది. నాలుగు వందల పన్నెండు మందిల అరవై మూడు మందికి ఒకటే ఫోన్ నంబర్. అది నాది. మొగోళ్లు దుబాయ్‌ల, మస్కట్‌ల. ఇంటికాడ బీడీలు చేసే ఆడోళ్లకు అప్పట్ల ఫోన్లు లేవు. ఫారం ఆగొద్దని నా నంబర్ రాసిన. తర్వాత అందరికి ఫోన్లు అచ్చినయి. నేను మార్వలే.

"ఒక్కరు పోలేదంటవు కద అబ్బా," అన్నది నాహీద్. "వేరే ఏజెంట్ దగ్గరికి పోవాలంటే ఓటీపీ నీకే వస్తది. ఎట్ల పోతరు?"

మీ మరదలు హఫీజా నవ్వింది. నాకు నవ్వు రాలే. బద్ధకమని సర్దిచెప్పుకుందామని చూసిన. కాదు. కొడిమ్యాల ముత్తవ్వ నంబర్ మార్చమని రెండుసార్లు అడిగింది. రేపు, ఎల్లుండి అన్న. మారిస్తే పోతదని భయం.

ఎవ్వరి పైసలు ముట్టలే. గానీ నీకు చూపిన బలం ఉత్తదే. ఇరవయ్యో తారీఖు నేను రాను. ఒప్పందం రద్దనుకో.

నీ
చాంద్ పాషా


సిరిసిల్ల,
జనవరి 11

తమ్మీ చాంద్,

నీ ఉత్తరం చదివి ముందుగాల కోపమచ్చింది. ఇంత దోస్తానా ఉండి నాకు గూడ ముందే చెప్పకపోతివి. మా కొడుకు అక్షయ్ అయితే "సగం ఎందుకు బాపూ, పావు ఇద్దాం" అన్నడు. నోర్మూసుకొని కూసోమన్న.

నాహీద్‌కు ఫోన్ చేసిన. అప్పటికే ఇరవై ఇండ్లు తిరిగి నంబర్లు మార్పిచ్చిందట. ఏడుగురు పోతమన్నరట.

"మరి నువ్వేమన్నవు బిడ్డా?"

"పోవాలంటే ఏ కాయితం మీద సంతకం పెట్టాల్నో చూపిచ్చి వచ్చిన పెద్దబాపూ."

"ముత్తవ్వ?"

"చాయ్ పోసి మరీ పోతనన్నది."

ఆడపిల్ల దగ్గర కస్టమర్లు నిలువరంటివి. పోతరని తెలిసి గూడ తొవ్వ చూపిచ్చింది గా పిల్ల. నీ దగ్గర ఇరుక్కున్న అరవై మూడు మంది కన్న, అన్నీ తెలిసి ఆమె దగ్గర ఉన్న పదమూడు మంది నాకు ముద్దు.

ఇరవయ్యో తారీఖు నువ్వు రాకుంటే మానె. రద్దు చేస్తలేను, కాయితం మళ్ల టైపు చేపిస్తున్న. వాటా ఎంతన్నది మిగిలిన ఇండ్లు తిరిగినంక ఆమెతోని మాట్లాడుత. ఆధార్‌ల ఉన్నట్టు నాహీద్ పూర్తి పేరు రాసి పంపు.

మీ అన్న
మార్కండేయులు