మొదటి మూట

నా తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ప్రభువు కృప వల్ల నేనిక్కడ క్షేమం, నువ్వూ మరదలూ పాపా కూడా క్షేమమని నమ్ముతున్నాను. ఈ వాక్యాన్ని ఏళ్ళ తరబడి చెయ్యి తనంతట తనే రాసేసేది. ఈసారి రాశాక మాత్రం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. సగం నిజమే. ఒంట్లో బాగానే ఉంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే, "ఏంటక్కా, గొంతు అలా ఉంది?" అంటావు. నేను "జలుబురా" అంటాను. అక్కడితో సరి. కాగితమైతే నా మాటకి అడ్డం రాదు. ఇవాళ ఆదివారం. ఆరాధన అయి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. పక్క వాటాలోవాళ్ళు ఊరెళ్ళారు. మొన్నటి నుంచి ఈ గదిలో నా గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. నిన్న కెటిల్‌తో "వస్తున్నానమ్మా, కంగారు పడకు" అన్నాను. నవ్వకు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మోకాలు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు తిడుతుంది. కిటికీ రెక్క ఇంకా బాగుచేయించలేదు, తాడుతో కట్టాను, కోప్పడకు. పాప వేసిన బొమ్మ మంచం ఎదురుగా గోడకి అంటించాను. అందులో నా చేతులు నా ఒంటికంటే పెద్దగా ఉన్నాయి. "అత్త బట్టలుతుకుతుంది కదా" అందని మరదలు రాసింది. దానికి నా ముద్దులు.

ఇక నాలుగో సంగతి. నిన్ను పాస్టరుగా నిలబెట్టే అభిషేక ఆరాధనలో నేను వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పాలన్నావు. "నాయకుడంటే సేవకుడని నేను బైబిలు కాలేజీలో నేర్చుకోలేదక్కా, నీ దగ్గర నేర్చుకున్నాను" అని రాశావు. మా అక్క ఆసుపత్రి లాండ్రీలో పాతికమందికి పెద్ద, అయినా రోజూ పొద్దున దిగే మొదటి మూట ఎవరికీ ఇవ్వదు, తన చేత్తోనే విప్పుతుంది అని సంఘంలో చెబితే జనం కళ్ళు తుడుచుకున్నారని కూడా రాశావు. ఆ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడానికి పని ఒత్తిడి కారణం కాదు.

మా లాండ్రీ నువ్వెప్పుడూ చూడలేదు. ఆసుపత్రి కింద, నేలమాళిగలో ఉంటుంది. ఒక పక్క ఉతికే మిషన్లు, ఇంకో పక్క ఆరబెట్టేవి, మధ్యలో పొడవాటి రేకు బల్ల. పై అంతస్తుల నుంచి దుప్పట్లు, గలీబులు, గౌనులు మూటలుగా దిగుతాయి. వాటిని ఆ బల్ల మీద విప్పి, దులిపి, వేరుచేసి మిషన్లో వెయ్యాలి. వాటిలో ఏమేముంటాయో ఆ దేవుడికే తెలియాలి. కత్తెరలు, చెంచాలు, ఒకసారి ఏకంగా ఒక పళ్ళ సెట్టు! అది పట్టుకుని అంతస్తులన్నీ తిరిగి, కనబడిన ప్రతి ముసలాయన్నీ "ఏదీ తాతగారూ, ఒకసారి నవ్వండి" అని అడిగాను. మూడో అంతస్తులో ఒకాయన నోరు గట్టిగా మూసుకున్నాడు. ఆయనవే.

మొదటి మూట మాత్రం నవ్వులాట కాదు. అది ఆపరేషన్ గదుల నుంచి వస్తుంది. సూదులు వేరే డబ్బాలో పడెయ్యాలని రూలుంది కానీ, హడావుడిలో గుడ్డల మధ్య ఉండిపోతాయి. అందుకే నన్ను పెద్దని చేసిన రోజున అందరి ముందూ చెప్పాను, ఇకనుంచి మొదటి మూట నాది అని. ఆ రోజు ఆ మాట మనసులోంచే వచ్చింది, నమ్ము. చాలాకాలం నిలబెట్టుకున్నాను కూడా.

ఆ బల్ల దగ్గర తొమ్మిదేళ్ళు నా పక్కన నిలబడిన మనిషి ఒకావిడ ఉంది. అందరం ఆవిణ్ణి గొణుగుడమ్మ అంటాం, ఎదురుగానే. పొద్దున చెప్పులు విప్పింది మొదలు గొణుగుతూనే ఉంటుంది. మిషన్ల మీద, సబ్బు మీద, డాక్టర్ల మీద, వాళ్ళింటి పిల్లి మీద. నాకు పదవి వచ్చినప్పుడు, "పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట, చూద్దాం" అని నాకు వినబడేలాగే గొణిగింది. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఆ తర్వాత నాకో అద్దాల గది ఇచ్చారు. "అక్కా" పోయి "మేడం" వచ్చింది. భోజనాల బల్ల దగ్గరికి నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఒక్కొక్కరే "పనుందండీ" అని డబ్బా మూసుకుని లేచేవారు. వాళ్ళు మాట్లాడుకునేది ఎక్కువగా పెద్దల మీదే కదా, ఇప్పుడు ఆ పెద్దని నేనే. నెల తిరక్కుండా నా డబ్బా అద్దాల గదిలోనే విప్పుకోవడం మొదలుపెట్టాను. అక్కణ్ణుంచి చూస్తే గొణుగుడమ్మ పెదాలు కదులుతూ కనబడేవి, ఏమంటోందో వినబడేది కాదు. ఎంత ఒంటరిగా అనిపించేదో నీకు చెప్పలేనురా. అమ్మ పోయాక నిన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజుల్లో కూడా నాకంత ఒంటరిగా లేదు.

ఆ ఒంటరితనానికి మందు చర్చిలో దొరికింది. నువ్వు చెప్పే మూట కథ ఎలా పాకిందో ఇక్కడి సంఘానికీ పాకింది. స్త్రీల కూడికలో మాట్లాడమన్నారు. మాట్లాడాను. అయ్యాక అందరూ చుట్టూ చేరారు, చెయ్యి పట్టుకున్నారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ తర్వాత నెలకోసారి పిలిచేవారు. నాకు దాని రుచి పట్టుకుంది.

వానలు మొదలైన వారం అది. ఆ సాయంత్రం కూడికలో మాట్లాడాలి. పొద్దున అద్దాల గదిలో తలుపు మూసుకుని రాసుకుంటున్నాను. మంచి మాట ఒకటి తట్టింది. ప్రభువు నడుముకి తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడని అందరూ ప్రసంగిస్తారు, ఆ తువాలు తర్వాత ఎవరు ఉతికారో ఎవరైనా అడిగారా? అబ్బ, ఎంత బాగుందో అని నాలో నేనే మురిసిపోతున్నాను. అంతలో గొణుగుడమ్మ తలుపు తట్టింది.

"మేడం, మూట దిగింది."

"ఈ ఒక్కరోజూ నువ్వు చూడు," అన్నాను, తలెత్తకుండానే.

"మందం గ్లౌజులు చిరిగిపోయాయి. కొత్తవి ఇస్తారా?"

"రేపిస్తాలే."

కొత్తవి నా వెనక బీరువాలోనే ఉన్నాయిరా. తాళంచెవి నా మెడలోనే ఉంది. లేస్తే రాసే మాట చెదిరిపోతుందని లేవలేదు. "ఈ ఒక్కరోజు" అన్నది కూడా అబద్ధమే. అప్పటికి రెండు నెలలుగా ఎవరైనా చూస్తున్నప్పుడే మూట విప్పుతున్నాను. మిగతా రోజులు ఏదో ఒక వంక పెట్టి ఆవిడకే వదిలేస్తున్నాను.

కాసేపటికి అద్దంలోంచి చూశాను. ఆవిడ పెదాలు కదలడం ఆగిపోయింది. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది. సూది అరచేతిలో దిగింది.

ఎవరి ఒంట్లోంచి వచ్చిన సూదో తెలియదు. వెంటనే రక్తపరీక్ష, మందులు. మళ్ళీ ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి పరీక్షలు. ఆ మందులకి నెలరోజులు వాంతులు చేసుకుంది. ఏం జరిగిందో రాసిమ్మని మేనేజరు నాకు కాగితం ఇచ్చాడు. కారణం అన్నచోట నేను రాసింది ఇది: మందం గ్లౌజులు వేసుకోలేదు, కార్మికురాలి నిర్లక్ష్యం. మొదటి ముక్క నిజమే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ ఏడాది ఆవిడ ఉద్యోగం పర్మనెంట్ కావలసి ఉంది. నా రెండో ముక్కతో అది ఆగిపోయింది.

అదే సాయంత్రం కూడికకి వెళ్ళి మాట్లాడానురా నేను. తువాలు మాటకి అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంకా ఉంది, విను. ఆవిణ్ణి చూడ్డానికి పళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మోకాళ్ళ మీద ఉండి పైకి ప్రార్థన చేశాను. వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "నీలాంటి పెద్దది ఉండటం మా పిల్ల అదృష్టం తల్లీ" అంది. గొణుగుడమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పనిలోకి తిరిగొచ్చాక ఇక గొణగలేదు. ఆరు నెలలు ఆ బల్ల దగ్గర మిషన్ల మోత తప్ప ఏమీ లేదు. చర్చిలో ఎవరైనా "నిర్లక్ష్యం" అనే మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేదాన్ని.

ఆఖరి పరీక్ష కూడా బాగానే వచ్చింది, దేవుడికి స్తోత్రం. ఆవిడకేం కాలేదు. హమ్మయ్య, ఇక ఈ సంగతి ఇక్కడితో సమాధి అనుకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే నీ ఉత్తరం వచ్చింది. నీ సంఘంలో ఎవరో నా మూట కోసం ఏడ్చారని చదివి, వారం రోజులు ముద్ద మింగుడు పడలేదు.

రెండు వారాల కిందటి సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ రిపోర్టు తప్పు, మళ్ళీ రాస్తానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పరీక్షలన్నీ బాగానే వచ్చాయి కదమ్మా. మానిపోయిన పుండుని ఎందుకు కెలుకుతావ్?"

"మానింది నాకు సార్. ఆవిడకి మానలేదు."

"నీ పదవి పోతుంది. మంచి పేరున్నదానివి."

"ఆ పేరే సార్ నా ప్రాణం తీస్తోంది," అన్నాను. అక్కడే ఏడ్చేశాను, సిగ్గులేకుండా. ఆయన గ్లాసుతో నీళ్ళు జరిపి, కొత్త కాగితం ఇచ్చాడు.

తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, అందరూ ఉండగానే గొణుగుడమ్మకి చెప్పాను. గ్లౌజులు బీరువాలో ఉన్నాయని, నేను లేవలేదని, రిపోర్టులో తప్పు ఆవిడ మీదికి తోశానని. ఆవిడ చేతిలో దుప్పటి కింద పెట్టను కూడా లేదు.

"నాకు తెలుసు," అంది. "గ్లౌజులు అడిగింది నేనేగా."

"నన్ను క్షమించు" అన్నాను.

"పనుందండీ" అంది.

అంతే తమ్ముడూ. సినిమాల్లోలాగా కౌగిలించుకోలేదు. తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందంటారు. నాకు అవలేదు. తాళంచెవి ఇచ్చేశాను, నన్ను మళ్ళీ బల్ల దగ్గరికి పంపారు, గొణుగుడమ్మ పక్కకే. ఇప్పుడు పొద్దున మొదటి మూట నేనే విప్పుతున్నాను, గొప్పకి కాదు, అది నా డ్యూటీలో రాశారు కాబట్టి. ఆవిడ మీద రాసిన రిపోర్టు దిద్ది పై ఆఫీసుకి పంపారు, పర్మనెంట్ సంగతి ఇంకా తేలలేదు. దానికోసం ప్రార్థన చెయ్యి. చర్చిలో స్త్రీల కూడిక నడిపే పెద్దమ్మగారికి కూడా అంతా చెప్పాను. మొన్న ఆదివారం నా బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇవాళా అంతే.

ఇదంతా నీకు చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. మేనేజరు ముందు ఏడవడం దీనిముందు ఎంత? నాకున్నది నువ్వొక్కడివే. చిన్నప్పుడు నీ లాగు ఉతికి ఆరేసిన అక్కని దేవదూతని చేసి పెట్టుకున్నావు. దాన్ని నా చేత్తో నేనే పగలగొడుతున్నానని తెలిసే రాస్తున్నాను.

నీ అభిషేకానికి తప్పకుండా వస్తాను, చీర కూడా తీసి పెట్టుకున్నాను. వేదిక మాత్రం ఎక్కను. వెనక బల్ల మీద పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. మూట కథ ఇంకెక్కడా చెప్పకు. చెప్పాలని ఉంటే ఈ ఉత్తరంలో ఉన్నట్టు మొత్తం చెప్పు. అది కూడా గొణుగుడమ్మని అడిగి, సరేనంటేనే. రేపు నీకూ "అయ్యగారూ" అంటూ ముందు వరుసలో కుర్చీ వేస్తారు. తలుపు తట్టినవాళ్ళు ఏదైనా అడిగితే, ప్రసంగం మధ్యలో ఉన్నాసరే లేవరా. అక్కగా ఇంతకంటే నీకిచ్చే సలహా నా దగ్గర లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న, శనివారం, బల్ల దగ్గరికి వచ్చి పన్నెండో రోజు. పన్నెండు రోజులుగా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున మూట దిగింది. గ్లౌజులు వేసుకుని విప్పుతున్నాను. పక్కనుంచి ఏదో సణుగుడు వినబడింది. మొదట మిషనేమో అనుకున్నాను.

"చూడు, చూడు, విప్పడమేనా అది. మా పిల్లి నయం. ఇన్నేళ్ళు పెత్తనం వెలగబెట్టింది, ఒక్క దుప్పటి దులపడం రాదు ఈవిడకి. అలా గబుక్కున చెయ్యి పెట్టేస్తారా ఎవరైనా? లోపల సూదులుంటాయేమో చూసుకోవద్దూ? బుద్ధుండాలి..."

నేను తలెత్తలేదురా. ఎత్తితే ఎక్కడ ఆపేస్తుందోనని. కళ్ళనీళ్ళు బొటబొటా గ్లౌజుల మీద పడుతుంటే, ఆవిడ చెప్పినట్టే దుప్పటిని మెల్లగా, ఒక్కో మడతా చూసుకుంటూ విప్పాను.

ఇట్లు,
నీ జవాబుకోసం ఎదురుచూసే
మీ అక్క